చిన్న కుక్కకి ఒళ్లు కాలిపోతోంది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఏం చేయాలి? (పర్లాకిమిడి)

మహేంద్రతనయ గట్టు | ఆదివారం, రాత్రి 7:50

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా చిట్టికి నాలుగేళ్లు, ఐదు కిలోల బరువు, తెల్లటి పొమేరియన్ రకం. నిన్న సాయంత్రం నుంచి డల్‌గా ఉంది. పొద్దున్న అన్నం పెడితే వాసన చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు మంచం కింద గచ్చు మీద పడుకుని కదలడం లేదు. చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి, మధ్యమధ్యలో వణుకుతోంది. ముక్కు మాత్రం తడిగానే ఉంది. అందుకే మా అమ్మ "ముక్కు తడిగా ఉంటే జ్వరం లేనట్టే, కుక్క ఒళ్లు ఎప్పుడూ వేడే" అంటోంది. పక్కింటి పిన్ని పారాసెటమాల్ 650 జ్వరం బిళ్ల సగం పెరుగన్నంలో కలిపి పెట్టేయమంది. బిళ్ల చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆదివారం కదా, పశువుల ఆసుపత్రి మూసేశారు. ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బరంపురం అక్క | 7:56

ఆ బిళ్ల పెట్టకు చెల్లీ. ముందు దాన్ని డబ్బాలో పెట్టేసి, తర్వాత మిగతాది చదువు.

650 బిళ్లలో సగమంటే 325 మిల్లీగ్రాములు. ఐదు కిలోల చిట్టికి అది కిలోకి 65 మిల్లీగ్రాములు పడుతుంది. అదే బిళ్ల నువ్వు మొత్తం మింగినా నీ ఒంటికి కిలోకి పది, పన్నెండుకి మించదు. పారాసెటమాల్ ఎక్కువైతే కుక్కకి కాలేయం దెబ్బ తింటుంది, రక్తం ఆక్సిజన్‌ని మోయలేకపోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఇంకా ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. డాక్టరు బరువు చూసి లెక్కకట్టి ఇచ్చేది వేరు, మనం చేత్తో విరిచి పెట్టేది వేరు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉందా?

మహేంద్రతనయ గట్టు | 7:59

బిళ్ల పక్కన పెట్టేశాను అక్కా. థర్మామీటర్ లేదు. తమ్ముణ్ణి మెడికల్ షాపుకి పంపుతున్నాను. అది చంకలో పెట్టాలా?

వంశధార వాసి | 8:10

అమ్మా, నేను గుణుపురంలో ఉంటాను. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంట్‌గా ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, అది ముందే చెబుతున్నాను.

చంకలో పెడితే బొచ్చు అడ్డమొచ్చి తక్కువ చూపిస్తుంది. కుక్కకి మలద్వారంలోనే చూడాలి. ఇద్దరు కావాలి. మీ అమ్మగారిని చిట్టి ముఖం దగ్గర కూర్చుని, ఒక చెయ్యి మెడ కింద, ఇంకో చెయ్యి పొట్ట కింద వేసి దగ్గరగా పట్టుకోమనండి. మాట్లాడుతూ ఉండమనండి. మీరు థర్మామీటర్ కొనకి కొబ్బరినూనె రాసి, తోక మెల్లగా పైకెత్తి, ఒక అంగుళం మించకుండా లోపలికి జరపండి. నెట్టకండి. లోపల మలం ఉంటే కొన దానిలో గుచ్చుకుని తప్పు లెక్క చూపిస్తుంది, అందుకని కొంచెం పక్కకి, గోడకి ఆనేట్టు పట్టుకోండి. బీప్ వచ్చేదాకా కదపొద్దు. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, దాని మీద కుక్కది అని రాసి విడిగా పెట్టుకోండి.

మీ అమ్మగారు చెప్పినదాంట్లో సగం నిజముంది. కుక్క ఒళ్లు మనకంటే వేడే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన ఒళ్లు 98 దగ్గర ఉంటుంది, చెయ్యి ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి ఏ కుక్కని ముట్టుకున్నా వెచ్చగానే అనిపిస్తుంది. అందుకే చేత్తో చూసి జ్వరం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ముక్కు సంగతీ అంతే. ఎండలో పడుకుని లేచిన కుక్క ముక్కు పొడిగా ఉంటుంది, 104 జ్వరంలో ఉన్న కుక్క నాక్కుంటూ ఉంటే ముక్కు తడిగా ఉంటుంది. 103 దాటితే జ్వరం. 104 దాటితే డాక్టరుతో ఆ రోజే మాట్లాడాలి. 106 అంటే అర్ధరాత్రయినా ఎత్తుకుని పరుగెత్తాల్సిందే, లోపలి అవయవాలు దెబ్బ తింటాయి.

జయపురం కుర్రాడు | 8:22

అక్కా, మా కోరాపుట్ వైపు ఇంటింటికీ మలేరియా బిళ్లలు ఉంటాయి. మా తాతయ్య కుక్కలకి జ్వరమొస్తే అవే నలిపి ఇచ్చేవారు. పనికొస్తుందేమో పెద్దవాళ్లు చెప్పండి.

వంశధార వాసి | 8:31

వద్దు బాబూ. మీ తాతగారు ఎందుకలా అనుకున్నారో నాకు అర్థమవుతుంది. కుక్కలకి బబీసియా అని ఒక జ్వరం వస్తుంది. మలేరియా క్రిమి లాగే అదీ ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ మలేరియా దోమతో వస్తే ఇది పిడుదుతో వస్తుంది, దీనికి వాడే మందు వేరు, సాధారణంగా ఇంజెక్షన్. మన మలేరియా బిళ్ల దీనికి పనిచేయదు. పైగా చిన్న కుక్కకి మోతాదు ఎక్కువైతే గుండె మీద పడుతుంది.

మహేంద్రతనయ గట్టు | 8:44

104.2 చూపించింది. రెండోసారి పెట్టాను, 104.1. కరెంటు పోయింది, మొబైల్ టార్చ్ వెలుగులో చూశాను. చిట్టి కుయ్‌మని కూడా అనలేదు, అదే నాకు భయంగా ఉంది. మామూలుగా కాలిగోళ్లు తియ్యడానికి కూడా ఒప్పుకోదు.

వంశధార వాసి | 8:50

మీ ఊళ్లో ఆసుపత్రి డాక్టరుగారి నంబరు గానీ, ప్రైవేటుగా చూసేవాళ్ల నంబరు గానీ ఉంటే ఇప్పుడే చెయ్యండి. పాడిపశువులున్నవాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది, పాలవాణ్ణి అడగండి. ఈలోగా నేనడిగేవి చూసి చెప్పండి, డాక్టరుగారు కూడా ఇవే అడుగుతారు.

అన్నిటికంటే ముందు: రేబిస్ టీకా వేయించారా? వేయించకపోయినా, గొంతు మారినా, చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా నోట్లో చెయ్యి పెట్టకండి.

టీకాలు సరిగా ఉంటే పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీరంగులో ఉన్నాయా, తెల్లబడ్డాయా, పసుపుగా ఉన్నాయా? చిగురు మీద వేలితో నొక్కి వదలండి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. భుజాల మధ్య చర్మం చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలబడితే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. మూత్రం ఏ రంగులో ఉంది? వాంతులు, విరేచనాలు? ఎదకి ఎప్పుడొచ్చింది? ఈ మధ్య టీకా ఏమైనా వేయించారా? టీకా వేసిన మర్నాడు కాస్త వెచ్చబడటం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆఖరుది, ముఖ్యమైనది: పిడుదులున్నాయేమో వెతకండి. పైపైన కాదు, వేళ్ల సందుల్లో, చెవుల లోపల, పట్టీ కింద, తోక మొదట్లో.

ప్రాణహిత తీరం | 9:05

మాది సిరొంచ. మా వైపు వాటిని గోమార్లు అంటాం. చెల్లీ, మూత్రం రంగు తప్పకుండా చూడు. కిందటేడు మా రాజుకి ఇట్లనే అయింది. రెండు రోజులు తినలేదు. వానకి తడిసిండు, అదే తగ్గుతదిలే అనుకున్నం. థర్మామీటర్ పెట్టాలని కూడా మాకు తెల్వదు. మూడో రోజు పొద్దున గోడకి పోసిన మూత్రం డికాషన్ లెక్క నల్లగా ఉంది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగైనయి. బండి మీద ప్రాణహిత దాటించి మంచిర్యాల తీసుకపోయినం. అక్కడి డాక్టరు చూసి బబీసియా అన్నడు, రక్తం ఎక్కించాలన్నడు. ఎక్కించేలోపే పోయిండు, నా ఒళ్లోనే. ఒక్కరోజు ముందు తెస్తే బాగుండు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నువ్వు ఆలస్యం చెయ్యకు.

మహేంద్రతనయ గట్టు | 9:38

అన్నా, రాజు గురించి చదివి ఏడుపొచ్చింది.

డాక్టరుగారు ఫోన్లో దొరికారు. పొద్దున్న ఎనిమిదికి ఆసుపత్రికి తెమ్మన్నారు. రాత్రి 105 దాటినా, చిగుళ్లు తెల్లబడినా, లేవలేకపోయినా ఏ టైమైనా సరే ఇంటికి తెచ్చేయమన్నారు.

రేబిస్ టీకా మార్చిలో వేయించాం. చిగుళ్లు గులాబీరంగే కానీ కొంచెం పాలిపోయి ఉన్నాయి, జిగటగా ఉన్నాయి. మూత్రం చిక్కటి పసుపు, నల్లగా లేదు. వాంతులు లేవు. ఎదకొచ్చి నాలుగు నెలలు దాటింది.

పిడుదులు ఉన్నాయి. వారం వారం స్నానం చేయిస్తాం, ఎప్పుడూ కనిపించలేదు. వెనక కుడికాలి రెండు వేళ్ల మధ్య బొచ్చు విడదీస్తే బూడిదరంగులో నానిన మినపగింజంత ఒకటి అంటుకుని ఉంది. ముందు పులిపిరి అనుకున్నాను, కాళ్లు కదిలాయి. ఎడమ చెవి మడతలో మరో మూడు చిన్నవి, ఎర్రమట్టి రంగువి. లాగెయ్యనా?

బరంపురం అక్క | 9:44

కనుబొమలు తీసే ప్లక్కర్ ఉంటే తీసుకో. చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా తిన్నగా లాగు. పొట్ట దగ్గర నొక్కితే దాని లోపలిది కుక్క ఒంట్లోకి పోతుంది. కిరసనాయిలు, అగ్గిపుల్ల, సున్నం వద్దే వద్దు. చేత్తో నలపొద్దు, తీసినవి స్పిరిట్ ఉన్న సీసాలో వెయ్యి. తర్వాత చెయ్యి సబ్బుతో కడుక్కో.

రాయగడ రైలు | 9:52

నీళ్లు తాగుతోందా? మా చిన్నదానికి జ్వరమొచ్చినప్పుడు గిన్నెలో పెడితే ముట్టలేదు. చెంచాతో చెంప పక్కనుంచి కొంచెం కొంచెం పోస్తే తాగింది. పైకెత్తి గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బరంపురం అక్క | 10:03

చల్లబరచడం గురించి ఒక మాట. చాలామంది ఇక్కడ రెండు వేరు సంగతులని కలిపేస్తారు.

మే నెలలో మా పగ్ డాబా మీద మధ్యాహ్నం ఇరుక్కుపోయింది. తలుపు గాలికి పడిపోయింది, మాకు తెలియలేదు. దొరికేసరికి నాలుక బయటపెట్టి రొప్పుతోంది, చొంగ తీగలా కారుతోంది, చిగుళ్లు ఇటుక ఎరుపు. అది వడదెబ్బ, జ్వరం కాదు. బయటి వేడి ఒంట్లోకి ఎక్కేసింది, పగ్‌లకి ముక్కు చిన్నది కాబట్టి రొప్పి వేడి దించుకోలేవు. అప్పుడు మేం చేయాల్సింది వెంటనే కుళాయి కింద ఒళ్లంతా తడిపి, ఫ్యాను పెట్టి, 103కి దిగగానే ఆపి ఆసుపత్రికి పరుగెత్తడం. అలాగే చేశాం, బతికింది.

చిట్టిది అది కాదు. జ్వరంలో ఒళ్లే కావాలని వేడి పెంచుకుంటుంది, లోపలి క్రిమితో పోరాడ్డానికి. అందుకే వణుకుతోంది. దానికి చన్నీళ్ల స్నానం చేయిస్తే, ఐసు పెడితే ఇంకా వణికి ఇంకా వేడి పుట్టించుకుంటుంది. మామూలు కుళాయి నీళ్లలో గుడ్డ తడిపి పాదాల అడుగున, చెవుల మీద అద్దు, చాలు. వణుకు ఎక్కువైతే అదీ ఆపు. దుప్పట్లు కప్పకు. గచ్చు మీదే పడుకోనివ్వు, దానికి ఎక్కడ హాయిగా ఉంటుందో దానికి తెలుసు.

జయపురం కుర్రాడు | 10:11

గంజి తాగించొచ్చా?

వంశధార వాసి | 10:15

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పల్చటి గంజి గోరువెచ్చగా ఇవ్వొచ్చు, తాగితే. బలవంతం వద్దు. పెద్ద కుక్క ఒక రోజు తినకపోయినా తట్టుకుంటుంది. చిట్టి లాంటి చిన్నవి, అందులోనూ పిల్లలు, తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి తూలిపోతాయి. అలా తూలితే చిగుళ్లకి కొంచెం తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

మహేంద్రతనయ గట్టు | సోమవారం, తెల్లవారుజామున 2:20

11 గంటలకి 104.0. ఇప్పుడు 103.7. పది చెంచాల గంజి తాగింది. అమ్మ నిద్రపోలేదు, గోడకి ఆనుకుని పాదాలు తుడుస్తోంది. నాలుగు పిడుదులూ సీసాలో ఉన్నాయి. పొద్దున్న అవి కూడా తీసుకెళ్తాను.

ప్రాణహిత తీరం | 2:26

మేలుకొనే ఉన్న చెల్లీ. ఏమన్నా అయితే రాయి.

మహేంద్రతనయ గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:15

వెళ్లొచ్చాం. వరండా నిండా మేకలు, దూడలు, వాటి మధ్య మా చిట్టి ఒడియా గిరిజన అవ్వ ఒకామె ఒళ్లో తల పెట్టుకుని కూర్చుంది. నేను చీటీ రాయించడానికి వెళ్తే ఆవిడే పట్టుకుంది.

డాక్టరుగారు రాత్రి నేను రాసుకున్న టైములూ టెంపరేచర్లూ చూసి, "ఇలా రాసుకొచ్చేవాళ్లు తక్కువ" అన్నారు. పొట్ట మీద బొచ్చు పక్కకి తీసి చూపించారు. చర్మంలో సూదిమొనంత ఎర్రటి చుక్కలు. నేను చీమలు కుట్టాయనుకునేదాన్ని. ప్లేట్‌లెట్లు పడిపోతే చర్మం కింద రక్తం చిమ్మి అలా కనిపిస్తుందట. కిట్ టెస్టులో ఎర్లికియా అని తేలింది. రక్తం విశాఖ ల్యాబ్‌కి పంపారు. డాక్సీసైక్లిన్ ఇచ్చారు, బరువు తూచి. రోజూ, 28 రోజులు. సెలైన్ ఎక్కించారు.

ఎర్లికియా అంటే ఏంటో ఎవరైనా మామూలు మాటల్లో చెప్తారా? అక్కడ అడగడానికి నోరు రాలేదు.

వంశధార వాసి | 2:40

చెబుతాను. ఇది తెల్ల రక్తకణాల్లో కాపురం పెట్టే ఒక బ్యాక్టీరియా. 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించారు, ఇప్పుడు వేడి దేశాలన్నిటిలో ఉంది. మోసేది గోధుమరంగు కుక్క పిడుదు. కుట్టాక ఒకటి నుంచి మూడు వారాలకి జ్వరం వస్తుంది. అంటే మీ సీసాలో ఉన్న పిడుదే తెచ్చిందనుకోకండి, అంతకు ముందు కుట్టి రాలిపోయింది తెచ్చి ఉండొచ్చు. పిడుదు కనపడలేదు కాబట్టి పిడుదు జ్వరం కాదు అనడం తప్పని అందుకే అంటాను.

దీనిలో మోసం ఏమిటంటే, మందు లేకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం దానంతటదే తగ్గొచ్చు. అందరూ బాగైపోయిందనుకుంటారు. క్రిమి లోపలే ఉంటుంది. నెలల తర్వాత, ఏళ్ల తర్వాత ముక్కులోంచి రక్తం కారుతూ వస్తారు, అప్పటికి ఎముక మూలుగ దెబ్బతిని ఉంటుంది. నా సర్వీసులో అలాంటివి ఎన్ని చూశానో. అందుకే మూడో రోజుకి చిట్టి గంతులేసినా మందు ఆపొద్దు, 28 అంటే 28. బిళ్ల అన్నంతో పెట్టి తర్వాత నీళ్లు తాగించండి, ఉత్తి కడుపున ఇస్తే వాంతి చేసుకుంటుంది, గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. పాలతో మాత్రం కలపకండి, మందు సరిగా ఒంటికి పట్టదు.

రాయగడ రైలు | 3:05

ఇంట్లో పిడుదులు పోవడానికి మా అమ్మ వేపాకు పొగ వేస్తుంది. పని చేస్తుందా?

బరంపురం అక్క | 3:30

పొగకి దోమలు పోతాయేమో గానీ పిడుదులు పోవు. రక్తం తాగిన ఆడ పిడుదు కుక్క మీంచి రాలి గోడ పగుళ్లలో, గడప సందులో, మంచం కోళ్ల కింద దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి ఎన్ని చేసినా గోడ వదిలేస్తే మళ్లీ అదే కథ. మేం పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాం, కుక్క గోనెపట్టా కాల్చేశాం, కొత్త దుప్పటి వారానికోసారి మరిగే నీళ్లలో ఉతుకుతాం. కుక్కకి మెడ మీద వేసే చుక్కల మందో, నమిలే బిళ్లో డాక్టర్ని అడిగి, బరువుకి తగినదే కొనండి. పెద్ద కుక్క మందు సగం చేసి చిన్నదానికి వేయకండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, కుక్కకి వేసే కొన్ని మందులు పిల్లికి విషం.

బల్లార్షా గని కాలనీ | మంగళవారం, ఉదయం 9:10

ఈ పేజీ చూసి ఒకటి అడుగుతున్నాను. మా డాష్‌హండ్‌కి ఏడేళ్లు, ఆపరేషన్ చేయించలేదు. ఎద అయి నెలన్నర. రెండు రోజులుగా 103.4 ఉంది, నీళ్లు గిన్నెలకి గిన్నెలు తాగుతోంది. పిడుదులు లేవు. తోక కింద కొంచెం చీములాగా తడి. ఇదీ అదే జ్వరమా?

వంశధార వాసి | 9:18

కాదు అనిపిస్తోంది. ఇంకేమీ చదవకండి, ఇప్పుడే బయల్దేరండి. ఎద తర్వాత నెలా రెండు నెలల్లో జ్వరం, విపరీతమైన దాహం, తోక కింద చీము అంటే గర్భసంచిలో చీము పట్టినట్టు అనుమానించాలి. స్కానింగ్ ఉన్న చోటికి, చంద్రపూర్ వెళ్లండి. ఈ రోజే. తిండి పెట్టకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

బల్లార్షా గని కాలనీ | రాత్రి 8:45

మీరన్నదే నిజమైంది అంకుల్. సాయంత్రం ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. స్పృహలోకి వచ్చింది. ఇంకేం రాయలేకపోతున్నాను. మీ కాళ్లకి దండం.

మహేంద్రతనయ గట్టు | గురువారం, సాయంత్రం 6:00

విశాఖ రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 62 వేలు. రెండు లక్షలకి పైన ఉండాలట. భయపడ్డాను గానీ డాక్టరుగారు మందు పడుతోంది కదా, గట్టిగా ఆడించొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు, దెబ్బ తగలకుండా చూసుకోండి అన్నారు. టెంపరేచర్ నిన్న 102.4, ఇవాళ 101.8. నాకు తెలియాల్సింది ఇంకొకటి, ఈ జ్వరం మాకు అంటుతుందా? అమ్మ దాన్ని పక్కలోనే పడుకోబెట్టుకుంటోంది.

వంశధార వాసి | 6:25

కుక్క నుంచి నేరుగా అంటదు. పిడుదు మనిషిని కుట్టకుండా చూసుకోండి, అంతే. కానీ ఇప్పుడు వానలు, ఎలుకలు. కళ్లు, చిగుళ్లు పసుపెక్కి జ్వరం వచ్చిన కుక్కైతే లెప్టో (ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బు) కావచ్చు, అది మూత్రం ద్వారా మనకీ వస్తుంది. అలాంటప్పుడు చేతికి తొడుగు లేకుండా మూత్రం తుడవకూడదు. చిట్టికి ఏడాది టీకాలో అది కూడా ఉందో లేదో పుస్తకంలో చూడండి.

మహేంద్రతనయ గట్టు | నెల తర్వాత, సోమవారం, ఉదయం 10:30

నిన్నటితో 28 రోజులు అయ్యాయి. ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు. పొట్ట మీద చుక్కలు పోయాయి. చిట్టి పొద్దున్న పాలవాడి సైకిల్ చప్పుడుకి గేటు దాకా పరుగెత్తి మొరిగింది, నెల తర్వాత ఆ గొంతు విన్నాం. అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టాక దాన్ని ఒళ్లో వేసుకుని వేళ్ల సందులన్నీ ఒక్కొక్కటే విడదీసి చూస్తోంది. పక్కింటి పిన్ని కూడా వాళ్ల కుక్కని తీసుకొచ్చి చూపించుకుంటోంది.

ప్రాణహిత తీరం | 11:05

చాలా సంతోషం చెల్లీ. మేం కిందటి వారం ఒక పిల్లని తెచ్చుకున్నం, నాలుగు నెలలది, నల్లగా ఉంటది. మంచిర్యాల పోయినప్పుడు థర్మామీటర్ కొన్న. ఒంట్లో బాగున్నప్పుడు దీనిది ఎంత ఉంటదో తెల్సి ఉండాలని మూడు రోజులు పొద్దుగాల్నే చూసిన. 101.4, 101.6, 101.4. వంటింట్ల క్యాలెండర్ మీద రాసి పెట్టిన.